మనసు బాగోలేనప్పుడు ఘంటసాల గొంతు ఎందుకు వినలేకపోతాం?

సంతోషంగా ఉన్న రోజు ఘంటసాల గారి పాట హాయిగా ఉంటుంది, దిగులుగా ఉన్న రోజు అదే గొంతు గుండె మీద బరువు పెట్టినట్టు ఉంటుంది, తప్పు గొంతుదా మనసుదా అని అడిగారు. రెండిటిదీ కాదండీ. తప్పు మైకు సెట్టుది.

మన ఊళ్లలో ఎవరైనా పోతే షామియానా వస్తుంది, దాని వెనకే ఘంటసాల భగవద్గీత వస్తుంది. వీధి చివర ఆ శ్లోకం వినపడగానే మా అమ్మ చేస్తున్న పని ఆపి, "ఎవరో పోయినట్టున్నారు" అనేది. నాకు ఐదారేళ్ల వయసు నుంచీ ఇదే. దాంతో ఆయన ఎంత హుషారైన పాట పాడినా నాకు ఎక్కడో అగరొత్తుల వాసన తగిలేది.

2006 మార్చిలో మా నాన్న పోయారు. మూడు రోజులు ఆ క్యాసెట్ మా గుమ్మం ముందు మోగింది. మైకు సెట్టు కుర్రాడు ఒక వైపు అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ అదే వైపు పెట్టేవాడు. మళ్లీ అర్జునుడు విల్లు కింద పడేయడం, మళ్లీ పుట్టినవాడికి చావు తప్పదనడం. వచ్చినవాళ్లు ఆ మాట దగ్గర తల ఊపేవాళ్లు. నాకు చెవులు మూసుకుని పెరట్లోకి పోవాలనిపించేది. ఆ తర్వాత ఎక్కడ ఆయన గొంతు వినిపించినా లేచి వెళ్లిపోయేవాడిని. పెళ్లి భోజనంలో ఆయన యుగళగీతం పెడితే కూడా సగంలో లేచాను.

మే నెలలో హైదరాబాద్ వెళ్తుంటే నందిగామ దగ్గర బస్సు చెడిపోయింది. రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే డ్యూటీలో ఉండాలి. గంటన్నర చూసి, నూజివీడు నుంచి మామిడికాయల లోడుతో వస్తున్న లారీ ఎక్కాను. అప్పటికింకా ఆ రోడ్డు నాలుగు లైన్లు కాలేదు, లారీ మెల్లగా పోతోంది. సూర్యాపేటలో టీకి ఆగాం. డ్రైవర్ అక్కడే గంటసేపు కునుకు తీసి, మొహం కడుక్కుని వచ్చి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, క్యాసెట్ నొక్కాడు. మొదటి శ్లోకానికే నా ఒళ్లు బిగుసుకుపోయింది. కాసేపు పంటి బిగువున కూర్చున్నాను. ఇక నావల్ల కాలేదు.

"బాబాయ్, అది ఆపవా" అన్నాను.

"ఏం బాబూ, నిద్రొస్తోందా?"

"మా నాన్న పోయి రెండు నెలలైంది. ఇంటి ముందు ఇదే పెట్టారు."

ఆయన సౌండు తగ్గించాడు గానీ ఆపలేదు. కొంచెం దూరం పోయాక, "నాకు పదిహేనేళ్ల నుంచి తెల్లారేది దీంతోనే బాబూ. ఇది పెడితే మత్తు వదిలిపోద్ది. స్టీరింగు మీద చెయ్యి నిలబడుద్ది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. నా దుఃఖం ఈయనకు నిద్రమత్తుకి విరుగుడా అనిపించింది. నకిరేకల్ దాటేసరికి తూరుపు తెల్లబడుతోంది. క్యాసెట్ ఒక వైపు అయిపోయింది. ఆయన ఒంటి చేత్తో తీసి, రెండో వైపు తిప్పి పెట్టాడు.

ఆ రెండో వైపు నేను జీవితంలో ఎప్పుడూ వినలేదు. మూడు రోజులు మా ఇంటి ముందు మోగిన క్యాసెట్‌లో సగం నాకు తెలియనే తెలియదు. విశ్వరూపం దగ్గరికి వచ్చింది. గొంతు పైకి లేస్తోంది, ఎక్కడా అరుపు లేదు, ఒక్క అక్షరం నలగడం లేదు. శ్లోకం పాడి, ఆగి, అర్థం చెప్పేటప్పుడు మాత్రం మామూలు మాటల్లోకి దిగుతారు, ఎదురుగా కూర్చున్న ఒక్కడికే చెప్తున్నట్టు. చౌటుప్పల్ వచ్చేదాకా నేను నోరు మెదపలేదు. మా నాన్న గుర్తొచ్చారు, షామియానా మాత్రం గుర్తు రాలేదు. పొలానికి బయల్దేరే ముందు చెప్పుల్లో కాళ్లు పెడుతూ నాకు పనులు అప్పజెప్పే నాన్న గుర్తొచ్చారు.

అందుకే నేను గట్టిగా చెప్తాను, గొంతుకు మూడ్ ఉండదు. మనం దాన్ని ఏ గుమ్మం ముందు కట్టేస్తే ఆ గుమ్మం వాసన పడుతుంది. గీత చెప్పింది చచ్చినవాడికి కాదు, పని మానేసి కూలబడ్డ బతికున్న మనిషికి. 700 శ్లోకాలూ అయ్యాక ఆ మనిషి లేచి, నువ్వు చెప్పినట్టే చేస్తానంటాడు. అందులోంచి ఏరుకుని ఘంటసాల గారు పాడింది కూడా ఆరోగ్యం దెబ్బతిన్న చివరి రోజుల్లో. 1974 ఫిబ్రవరి 11న పోయేనాటికి ఆయనకు 51 ఏళ్లే. ఒంట్లో సత్తువ లేని మనిషి అంత నిబ్బరంగా పాడితే, మనం దాన్ని శవం లేచేదాకా మోగించి, లేవగానే పీకేస్తున్నాం. కనీసం రెండో వైపు కూడా పెట్టండి.

మీ ప్రశ్నలో లేకపోయినా ఇంకోటి చెప్పాలి. ఇప్పుడు ఫోన్లలో 'సాడ్ సాంగ్స్' అని మూటలు కట్టి ఇస్తున్నారు. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారు మంద్రంలో మెత్తగా పాడతారు కాబట్టి ఆయన్ని తీసుకెళ్లి ఆ మూటలో పడేస్తారు. మెత్తగా పాడితే ఏడుస్తున్నట్టేనా? నాకు ఆ గొంతు మధ్యాహ్నం భోజనం చేసి వసారాలో నడుం వాల్చిన సుఖంలా ఉంటుంది. పాత పాటల్ని సాగదీసి, వాన చప్పుడు కలిపి పెట్టేవాళ్లు ఇంకో రకం. ఎప్పుడు దిగులు పడాలో కూడా వాళ్లే చెప్తారా? ఇక టీవీ పోటీల్లో పిల్లలు ఘంటసాల గారిలా పాడాలని గొంతు బరువు చేసుకుంటారు. ఆయన బరువు గొంతులో లేదు, ఉచ్చారణలో ఉంది. విజయనగరం సంగీత కళాశాలలో వారాలు చేసుకుని తింటూ నేర్చుకున్న చదువు అది. దాన్ని వదిలేసి గాంభీర్యం ఒక్కటే పట్టుకుంటే ఏం వస్తుంది?

మీకు నిజంగా తేలాలంటే ఒక పని చేయండి. ఏ బాధా లేని రోజు చూసుకుని, తెల్లవారుజామున, ప్రయాణంలో, మొదటి పావుగంట వదిలేసి మధ్యలోంచి వినండి. నేను ఇప్పటికీ విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటాక అదే పెట్టుకుంటాను. పక్క సీట్లో అమ్మ ఉంటే మాత్రం పెట్టను. ఆవిడ ఆ లారీ ఎక్కలేదు కదా.