బడిలో పాట నిలబడాలంటే

చిరంజీవి శిరీషకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పాఠాలు చెప్పే హైస్కూల్లో వారానికి రెండు సంగీతం పీరియడ్లు పెట్టించమని కలెక్టరుగారికి అర్జీ రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది. కానీ తల్లీ, అందరికంటే ముందు కలెక్టరు దగ్గరికెందుకే? టైమ్‌టేబుల్ మీ హెడ్మాస్టరు చేతిలో ఉంది, తీర్మానం బడి యాజమాన్య కమిటీ చేతిలో ఉంది. కొత్త పోస్టు ఇవ్వడం మండల విద్యాధికారి (ఎంఈఓ) వల్లా కాదు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) వల్లా కాదు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లనడుగు. లేనిది అడిగితే ‘పరిశీలిస్తాం’ అని ఒక కాగితమొస్తుంది, దాంతో సరి.

కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. దాని షెడ్యూల్లోనే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని ఉంది. ఆ పేజీ జిరాక్సు తీసి అర్జీకి జతచెయ్యి. దాన్ని ఊపుకుంటూ హెడ్మాస్టరు గదిలోకి మాత్రం వెళ్లకు. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించు, నకలు నీ దగ్గరుంచుకో. వాయిద్యాలకని డబ్బు ఇప్పుడే అడగొద్దు. బడి గ్రాంటులోంచే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరుగుదొడ్ల ఖర్చు అన్నీ వెళ్లాలి. వాటితో పోటీపడితే హార్మోనియం ఓడిపోతుంది.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. వార్షికోత్సవంతో ఊరిని మెప్పిద్దామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. ఈ పనికి దిగిన ప్రతి టీచరూ చేసే పొరపాటే అది. రెండు వారాలే టైముందంటారు. బాగా పాడే ఆరుగురిని ఏరతావు. రిహార్సల్‌కని వాళ్లను లెక్కల పీరియడ్లోంచి లేపుతావు. లెక్కల మాస్టారు ఆ రోజునుంచి నీకు శత్రువు, ఆయన్ని తప్పుపట్టలేం కూడా. కరోకీ పెట్టి పాడిస్తావు, వేదిక మీది పెద్దలు చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. కింద కూర్చున్న మిగతా తల్లులకు అర్థమయ్యేదేమిటంటే, సంగీతమంటే గొంతున్న ఆరుగురి వ్యవహారం, మా పిల్లకు కాదు. పైగా అది చదువు టైము తింటుంది. వచ్చే నెల కమిటీలో పీరియడ్ అడిగితే చెయ్యెత్తేది ఆ ఆరుగురి తల్లిదండ్రులే. అంత కష్టపడి నీ వాదనకు నువ్వే గండి కొట్టుకున్నట్టు.

దానికి బదులు కమిటీ సమావేశం రోజున ఒక సెక్షన్ మొత్తాన్ని, శ్రుతి కలవని పిల్లలతో సహా, వాళ్ల తరగతి గదిలోనే పాడించు. ఇరవై నిమిషాలు చాలు. మైకు వద్దు. మొదట ఆది తాళం వేయించు, ఎనిమిది అక్షరాలూ, అంటే ఎనిమిది లెక్కింపులూ, అందరి చేతా. తర్వాత తెలుగు పాఠంలోని పద్యం ఒకటి. పదో తరగతి పరీక్షలో పాదభంగం లేకుండా పద్యం పూరించమంటారు కదా, తల్లిదండ్రులకు తగిలే చోటు అదే. ఉత్పలమాల అయితే ప్రతి పాదంలో పదో అక్షరం దగ్గర, చంపకమాల అయితే పదకొండో అక్షరం దగ్గర చిన్నగా చప్పట్లు కొట్టించు. అక్కడ యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, కుదరలేదంటే ఎక్కడో అక్షరం జారిందని పిల్లే పట్టుకుంటుంది. రాగం మాత్రం సాగదీయకు, పదాలు విరిగి రాతలోనూ తప్పులొస్తాయి. చివర మీ వైపు జానపదం ఒకటి. తప్పెటగుళ్లు, జముకుల కథ తెలిసినవాళ్లు విజయనగరం జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్లనూ పిలువు, దారి ఖర్చులివ్వడం మరిచిపోకు.

డప్పు తెప్పిస్తే ఒక్కమాట గుర్తుంచుకో. ‘మీ నాన్న వాయిస్తాడుగా’ అని ఒక్క పిల్లాడి చేతికే ఇవ్వొద్దు. తరగతి ముందు వాడి కులం చెప్పినట్టే అవుతుంది. ముందు నువ్వు పట్టుకో, ఆ తర్వాత వరసగా అందరికీ ఇవ్వు. కీర్తనలతోనే మొదలుపెడితే కొన్ని ఇళ్లవాళ్లు పైకి ఏమీ అనరు, పిల్లల్ని మాత్రం ఆ పీరియడ్‌కు పంపరు. కాబట్టి వేమనతో మొదలుపెట్టు, కీర్తనలు తర్వాత వస్తాయి. ఆడపిల్లలు పాడిన వీడియోలు తల్లిదండ్రులను అడక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. ఒక్క వెకిలి మాట వచ్చిందా, పదిమంది మానేస్తారు.

బదిలీ సంగతి కూడా ఇప్పుడే ఆలోచించు. నువ్వు వెళ్లిన మర్నాడే ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది. ఇప్పటినుంచే మీ తెలుగు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకో. ఆయన తన మగగొంతుకు వీలైన ఒకటిన్నర శ్రుతిలో పాడితే పిల్లల గొంతులు కిందికి అందక గొణుగుతాయి. శ్రుతి పైకి, ఐదు దగ్గర పెట్టమని చెప్పు. గొంతు విరుగుతున్న ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు తాళం అప్పగించమను. పార్ట్‌టైముకు మనిషి కావాలంటే విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో అడుగు, డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నవాళ్లు దొరుకుతారు.

రోజుకు ఆరు పీరియడ్లు అరిచి, సాయంత్రం మళ్లీ పాడిస్తానంటే నీ గొంతేం కావాలే పిచ్చిపిల్లా? గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు దగ్గరుంచుకో. నా శ్రుతిపెట్టె తమ్ముడితో పంపుతున్నాను. తోలు మడత దగ్గర కాస్త గాలి పోతోంది. బాగుచేయించేదాకా ఫోన్లో తంబూరా పెట్టుకో. అర్జీ పంపేముందు నాకొకసారి చూపించు.

నీ పెద్దమ్మ