నామ్ జూన్ పైక్: 1963 రాయాలా, 1965 రాయాలా?

సెమినార్ పేపర్లో, కళాకారుడు నామ్ జూన్ పైక్‌తో వీడియో ఆర్ట్ (టీవీ, వీడియోలతో చేసే కళ) మొదలైన సంవత్సరం 1963 అని రాస్తే గైడ్ 1965 అని దిద్దారన్నారు కదా. టెన్షన్ పడకండి, రెండూ రాయొచ్చు. కాకపోతే ఏది దేనికో విడదీసి చెప్పాలి.

1963 మార్చిలో జర్మనీలోని వుప్పర్టాల్‌లో పైక్ తొలి సోలో ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ వీడియో టేపు లేదు, కెమెరా లేదు. మామూలు టీవీల లోపలి సర్క్యూట్లు మార్చి, ప్రసారమయ్యే బొమ్మనే వంకర్లు తిప్పారు. 1965లో న్యూయార్క్‌లో పోర్టబుల్ రికార్డర్‌తో తీసిన టేపులు చూపించారు. మీ గైడ్ లెక్క అది. ఆ రికార్డర్‌తో పోప్ ఊరేగింపును తీశారన్న కథ మీద మాత్రం వాదాలున్నాయి, ఖాయంగా రాయకండి.

టీవీ మీద పెద్ద అయస్కాంతం పెట్టి పైక్ చేసిన కళాకృతి కూడా 1965దే. పాత పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల ధార తెర మీద బొమ్మ గీస్తుంది. అయస్కాంతం ఆ ధారను పక్కకు లాగుతుంది, బొమ్మ మెలి తిరుగుతుంది. ఎల్‌ఈడీ టీవీతో డెమో ఇద్దామనుకుంటే కుదరదు, అందులో ఆ ధారే ఉండదు!

ఇక పైక్ ఏ దేశస్థుడన్న మీ రెండో సందేహం: 1932లో సియోల్‌లో పుట్టి, టోక్యోలో చదివి, జర్మనీ మీదుగా 1964లో న్యూయార్క్ చేరారు. కొరియన్ అమెరికన్ అని రాయండి, చాలు.