5 మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు బ్లౌజులు: మిగిలేది 2/3 మీటరా, అర మీటరా?

మీ అమ్మాయి జవాబు పుస్తకంలోని జవాబుతో ఎందుకు కలవలేదని అడిగారు కదా, తనకి భాగహారం సరిగ్గానే వచ్చిందండి. 5 మీటర్ల గుడ్డ ఉంది, ఒక్కో బ్లౌజుకి ముప్పావు మీటరు కావాలి, ఎన్ని వస్తాయి, ఎంత మిగులుతుంది అన్నది లెక్క. 5 ÷ 3/4 అంటే 5 × 4/3, అంటే 20/3. ఆరు, పైన 2/3. అందుకే "6 బ్లౌజులు, 2/3 మీటరు మిగిలింది" అని రాసింది. పుస్తకంలో జవాబేమో అర మీటరు.

మలక్‌పేటలో ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ట్యూషన్ చెప్తుంటాను. తిరగేసి గుణించడం అందరికీ తొందరగానే వచ్చేస్తుంది. ఆ 2/3 దేనిలో అని అడిగితేనే ఆగిపోతారు. మనం లెక్కపెడుతున్నది బ్లౌజుల్ని, కాబట్టి అది ఒక బ్లౌజుకి పట్టే గుడ్డలో 2/3. మీటర్లలో కావాలంటే 2/3 × 3/4 = 1/2.

ఇది నోటితో చెప్తే ఎక్కదు, చేతితో చేయించాలి. పాత న్యూస్ పేపర్‌ని ఒకే పొడవున్న 5 పట్టీలుగా కత్తిరించండి. ఒక్కో పట్టీ ఒక మీటరు అనుకోమనండి. ప్రతిదాన్నీ నాలుగు పావులు చేస్తే మొత్తం 20 ముక్కలు. మూడేసి కలిపి పెడితే ఆరు కట్టలు, 2 ముక్కలు మిగులుతాయి. ఇప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఇవి ఎంత పొడవు? రెండు పావులు, అర మీటరు. ఇంకో బ్లౌజుకి కావలసిన మూడింటిలో ఎన్ని ఉన్నాయి? రెండు. 4తో గుణించి 3తో ఎందుకు భాగిస్తామో కూడా అక్కడే కనిపిస్తుంది. నాకైతే సూత్రం కన్నా ముందు ఇదే చెప్పాలనిపిస్తుంది.

మిగిలినదాన్ని ఏం చేయాలన్నది మాత్రం లెక్కలోని విషయాన్ని బట్టి ఉంటుంది. బ్లౌజులైతే 6తో ఆగాలి. అదే పాయసానికి మూడుంపావు లీటర్ల పాలు కావాలి, దొరికేవి అర లీటరు ప్యాకెట్లు అనుకోండి, ఆరున్నర వస్తుంది, కానీ 7 కొనాలి. రోజుకి ముప్పావు కిలో బియ్యం వండే ఇంట్లో 10 కిలోలు 13 రోజులు పూర్తిగా వస్తాయి, పధ్నాలుగో రోజుకి పావు కిలోనే ఉంటుంది.

పరీక్షలో టెన్షన్ లేకుండా సరిచూసుకోవడానికి వెనక్కి గుణించమనండి. 6 × 3/4 అంటే నాలుగున్నర మీటర్లు. దానికి 2/3 మీటరు కలిపితే 5 దాటిపోతుంది, అర మీటరు కలిపితే సరిగ్గా 5 వస్తుంది.