క్లాత్రిన్ పేరు రాసే ముందు ఖర్చు లెక్క వెయ్యి

తల్లీ,

కణం తన పొరను లోపలికి వంచి బయటి సరుకును చిన్న సంచిలో లాక్కునే ఎండోసైటోసిస్ మీద నీ ప్రపోజల్ చదివాను. ఆ సంచికి తొడుగు కట్టే ప్రొటీన్ క్లాత్రిన్ గురించి మొదటి పేజీలోనే "క్లాత్రిన్ పొరను వంచుతుంది" అని రాసేసి ముందుకెళ్లిపోయావు. అక్కడ ఆగాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు తీసి చూడు, షట్కోణాల జాలీలా చదునుగా పరుచుకున్న క్లాత్రిన్ బోలెడు కనిపిస్తుంది. అంటే క్లాత్రిన్ ఉన్నంత మాత్రాన పొర వంగినట్టు కాదు. వంపుకి ఎంత శక్తి కావాలి, అది ఎవరు పెడుతున్నారు అన్నది తేలాకే సిమ్యులేషన్ జోలికి వెళ్లు.

హెల్‌ఫ్రిష్ 1973లో పొర వంపు శక్తికి ఇచ్చిన సూత్రం చాలు. లిపిడ్ పొర బెండింగ్ మాడ్యులస్, అంటే వంగకుండా అది చూపే మొండితనం, సుమారు 20 కేబీటీ (కేబీటీ అంటే వేడి కదలికల శక్తికి కొలమానం), చదును పొరను గుండ్రటి సంచిగా, అంటే వెసికిల్‌గా చుట్టాలంటే దానికి 8π రెట్లు, అంటే దాదాపు 500. ఇందులో వ్యాసార్ధం ఎక్కడా రాదు, అదీ తమాషా! వెసికిల్ చిన్నదైనా పెద్దదైనా వంపు ఖర్చు ఒకటే. కణం ఖర్చుపెట్టే శక్తి అణువు ఏటీపీ ఒక్కదాని నుంచి వచ్చేది 20 కేబీటీ పైచిలుకు, కాబట్టి కణానికి ఇది మోయలేనిదేం కాదు, అలాగని వేడి కదలికలతో దానంతటదే అయిపోయేదీ కాదు.

సైజు లెక్కలోకి వచ్చేది పొర టెన్షన్ (బిగువు) దగ్గర. 50 నానోమీటర్ల వ్యాసార్ధానికి వేసి చూడు: టెన్షన్ మీటరుకు 0.01 మిల్లీన్యూటన్ అయితే 75 కేబీటీ, పది రెట్లు పెరిగితే 750, అప్పుడు వంపు ఖర్చే వెనకబడిపోతుంది. మన కణాల్లో పొర బిగిసినప్పుడు పొరను లోపలికి నెట్టే ఆక్టిన్ ప్రొటీన్ పోగుల సాయం కావాల్సి రావడానికి కారణం అదే. ఈస్ట్‌లో అయితే లోపలి ఒత్తిడి అసలే ఎక్కువ, గట్టిగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబును వేలితో లోపలికి నొక్కినట్టే, ఆక్టిన్ లేకపోతే పని జరగదు. కాబట్టి ఏ కణమో చెప్పకుండా "ఎండోసైటోసిస్‌కి ఇంత శక్తి" అని ఎప్పుడూ రాయకు.

బార్ డొమైన్లు, అంటే కొన్ని ప్రొటీన్లలో పొరకు అతుక్కునే వంపు భాగాలు, వాటి దగ్గర ఇంకా జాగ్రత్త. అరటిపండులా వంగిన ఆ ఆకారం 2004లో యాంఫిఫైసిన్ అనే ప్రొటీన్ నిర్మాణంలో బయటపడగానే అందరూ పొరను వంచే అచ్చు దొరికిందన్నారు. కానీ పొర మీద పలచగా ఉన్నప్పుడు అది అప్పటికే ఉన్న వంపును వెతుక్కుని అతుక్కుంటుంది, దట్టమయ్యాక తనే వంచుతుంది. పైగా అలాంటి వంపు ఆకారం లేని ప్రొటీన్లు కూడా ఒక పక్కన కిక్కిరిస్తే పొర వంగుతుందని 2012 నుంచి చూపిస్తున్నారు. నీ గ్రాఫులో ప్రొటీన్ సాంద్రత అక్షమే లేదు, అది పెట్టు.

సంచి మెడను తెంపే ప్రొటీన్ డైనమిన్ సంగతి ఇప్పుడు వదిలెయ్, మెడ తెగడం వేరే లెక్క.

ఆదివారంలోపు టెన్షన్ ఒక అక్షం, సాంద్రత ఇంకో అక్షంగా చేత్తో వేసిన ఒక్క పేజీ ఫోటో తీసి పంపు. కోడ్ వద్దు.

మీ బాబాయి