జాన్ రాజు చెడ్డపేరు వెనుక బందీల కథ

ఇంగ్లండ్‌ను 1199 నుంచి 1216 వరకు ఏలిన జాన్ నిజంగానే అంత దుర్మార్గుడా, ఆయన కుటుంబం ఏమైంది అని అడిగారు. నేను ఉండేది వూస్టర్ దగ్గర. జాన్ సమాధి ఈ ఊరి కెథడ్రల్‌లోనే ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తీసుకెళ్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నా సమాధానం: అవును, దుర్మార్గుడే. పన్నులు ఎక్కువ వేశాడనీ, యుద్ధాలు ఓడిపోయాడనీ పుస్తకాలు చెబుతాయి. కానీ అన్న రిచర్డ్ హయాంలోనూ ప్రజలను పన్నులతో పిండారు, అయినా ఆయన వీరుడిగానే మిగిలాడు. నాకు తెలిసినంతలో జాన్‌ను ప్రభువులు సహించలేకపోవడానికి అసలు కారణం, ఆయన ఇతరుల బిడ్డలను తాకట్టు పెట్టుకుని రాజ్యం నడపడం.

ఈ విద్య ఆయనకు ఇంట్లోనే అబ్బింది. తండ్రి రెండో హెన్రీ, తల్లి అక్విటైన్ ఎలినార్. జాన్ వాళ్ల కడగొట్టు కొడుకు. 1173లో అన్నలు తండ్రి మీద తిరగబడ్డారు. తల్లి కొడుకుల పక్షం వహించింది. అప్పటి నుంచి 1189లో తాను చనిపోయే దాకా హెన్రీ ఆమెను నిర్బంధంలోనే ఉంచాడు. అంటే జాన్ పెరిగి పెద్దవాడయ్యే కాలమంతా కన్నతల్లి కన్నతండ్రి చెరలో ఉంది. చివరికి ఆ తండ్రినీ మోసం చేసి, రిచర్డ్ తిరుగుబాటులో కలిశాడు జాన్.

రాజయ్యాక మొదటి పెద్ద నేరం సొంత ఇంట్లోనే జరిగింది. మరో అన్న జెఫ్రీ కొడుకు ఆర్థర్, బ్రిటనీ ప్రభువు, సింహాసనం తనదన్నాడు. 1202లో మిరెబో కోటలో ఎనభైకి దగ్గరపడిన నాయనమ్మ ఎలినార్‌నే ముట్టడించాడు. జాన్ సైన్యంతో రాత్రింబవళ్లు ప్రయాణించి వచ్చి తల్లిని విడిపించి, ఆర్థర్‌ను పట్టుకున్నాడు. ఆయన సైనిక జీవితంలో ఇంత గొప్ప విజయం మరొకటి లేదు. మరుసటి ఏడాది ఆ కుర్రవాడు రువాన్ కోటలో మాయమయ్యాడు. జాన్ చంపించాడనే అందరూ నమ్మారు. 1204 నాటికి ఫ్రాన్స్‌లోని నార్మండీ జాన్ చేజారింది.

ఆ తర్వాత కూడా పద్ధతి మారలేదు. అనుమానం వచ్చిన ప్రతి ప్రభువునూ కొడుకుల్ని అప్పగించమనేవాడు. విలియం డి బ్రావోస్ భార్య మటిల్డా, అన్నకొడుకును చంపినవాడికి నా బిడ్డల్ని ఇవ్వనన్నదట. 1210లో ఆమెనూ పెద్దకొడుకునూ జాన్ చెరలో ఆకలితో మాడ్చి చంపాడు. 1212లో 28 మంది వెల్ష్ బాలురను నాటింగ్‌హామ్‌లో ఉరితీయించాడని ఆనాటి మఠాల చరిత్రలు చెబుతున్నాయి. ఆనాటి వేల్స్ పాలకుడు లెవెలిన్ ఎవరో కాదు, జాన్ అల్లుడు. వివాహేతర సంబంధంలో పుట్టిన కూతురు జోన్‌ను జాన్ ఆయనకే ఇచ్చాడు. అంతకుముందు ఏడాది భర్త తరఫున తండ్రి దగ్గరకు వెళ్లి సంధి కుదిర్చింది కూడా ఆమే. ఈ కుటుంబంలో నాకు అత్యంత గౌరవం కలిగేది జోన్ మీదే.

1215లో ప్రభువులు జాన్‌తో బలవంతంగా ఒప్పించిన హక్కుల పత్రమే మాగ్నా కార్టా. ఆనాటి ప్రతులు నాలుగే మిగిలాయి. అందులో ఒకటి సాల్జ్‌బరీలో చూశాను. ఒక్కటే తోలు కాగితం, దాని నిండా చీమల బారులాంటి లాటిన్ అక్షరాలు. నిబంధనలకు అంకెలు ఉండవు, అవి తర్వాతి పండితులు వేసినవి. చట్టప్రకారం విచారించకుండా స్వతంత్రుడైన ఏ మనిషినీ బంధించరాదనే 39వ నిబంధన గురించి అందరూ చెబుతారు. బందీల ప్రస్తావన ఎక్కడ ఉందని అక్కడి స్వచ్ఛంద సేవకురాలిని అడిగితే, అనువాదం తెచ్చి ఓపికగా చూపించింది. 49లో బందీలందరినీ వెంటనే తిరిగి ఇస్తానని రాజు ఒప్పుకున్నాడు. 58లో లెవెలిన్ కొడుకు, వెల్ష్ బందీలు. 59లో స్కాట్లండ్ రాజు అక్కలు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ల బాధ ఆ కాగితంలో నాకు అప్పుడు కనిపించింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి: జాన్ బద్ధకస్తుడు కాడు. ఊరూరా తిరిగి వ్యాజ్యాలు తానే విన్నాడు. రాజశాసనాలను వరుసగా చుట్టల మీద నకలు తీసి భద్రపరచడం ఆయన హయాంలోనే మొదలైంది.

వూస్టర్ సమాధి మీద ఆయన రాతి ప్రతిమ ఉంది. పాదాల దగ్గరి సింహం ఆయన కత్తి మొనను పళ్లతో కరిచి పట్టుకుంటుంది. పిల్లలు ముందు చూసేది దాన్నే. కొన్ని అడుగుల దూరంలో ఆర్థర్ యువరాజు సమాధి ఉంటుంది, కానీ ఆయన 1502లో చనిపోయిన ఏడో హెన్రీ కొడుకు. జాన్ అన్నకొడుకేనా అని చాలామంది నన్ను అడిగారు, కాదు. జాన్ వీలునామా కూడా ఈ కెథడ్రల్‌లోనే భద్రంగా ఉంది. చావు ముంచుకొస్తుంటే, ఆస్తి వివరాలు రాసే తీరిక లేక, అన్నీ 13 మందికి అప్పగించాడు. వాళ్లలో ముఖ్యుడు విలియం మార్షల్. ఒకప్పుడు ఆయన కొడుకులనూ జాన్ బందీలుగా పట్టి ఉంచాడు! తొమ్మిదేళ్ల రాకుమారుడు మూడో హెన్రీని గద్దెనెక్కించి, ఫ్రెంచి సైన్యం నుంచి రాజ్యాన్ని కాపాడింది ఆ వృద్ధుడే. ఒకప్పుడు బందీగా ఉన్న మార్షల్ పెద్దకొడుకు 1224లో జాన్ చిన్నకూతురు ఎలినార్‌ను పెళ్లాడాడు. అతను పోయాక ఆమె సైమన్ డి మాంట్‌ఫర్ట్‌ను చేసుకుంది. ఆ సైమనే 1264లో ఆమె అన్న మూడో హెన్రీని యుద్ధంలో పట్టుకున్నాడు.

జాన్ భార్య, రాణి ఇసబెల్లా పిల్లల్ని ఇంగ్లండ్‌లో వదిలి సొంత ఊరు అంగులేమ్‌కు వెళ్లిపోయింది. 1220లో హ్యూ డి లూసినాన్‌ను పెళ్లాడింది. ఆయన ఆమె సొంత కూతురికి నిశ్చయమైన వరుడు. ఈ కూతురి పేరు కూడా జోనే, లెవెలిన్ భార్య జోన్ వేరు. ఆ కూతురు తర్వాత స్కాట్లండ్ రాణి అయింది.

ఇక జాన్ అన్నకొడుకు ఆర్థర్‌కు అక్క అయిన ఎలినార్. సింహాసనం మీద ఆమెకూ హక్కు ఉంది కాబట్టి జాన్ ఆమెను వదల్లేదు. మాగ్నా కార్టాలో ఆమె ఊసే లేదు. జాన్ పోయాక మార్షల్ వదల్లేదు, మూడో హెన్రీ కూడా వదల్లేదు. పెళ్లి లేకుండా, విచారణ లేకుండా దాదాపు 40 ఏళ్లు బందీగా ఉండి 1241లో చనిపోయింది.