పాత లక్ష్మి పటం: రాతి అచ్చా, ఆఫ్‌సెట్టా?

ప్రశ్న: మా పూజగదిలో రవివర్మ లక్ష్మి పటం ఉంది. తాతగారి కాలంనాటిదంటారు. అది నిజంగా పాత అచ్చో, ఈమధ్య వేసిన నకలో తెలుసుకోవడం ఎలా?
(తెనాలి పాఠకురాలు)

జవాబు: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. అమ్మవారి బుగ్గ మీద పెట్టి చూడండి. సన్నని చుక్కలు బారులు తీరి, అక్కడక్కడా చిన్న పువ్వుల్లా గుమిగూడితే అది ఆఫ్‌సెట్, అంటే ఫొటో తీసి యంత్రం మీద వేసిన ఈమధ్య నకలు. ఆ పద్ధతిలో రంగు రంగుకీ చుక్కల బారును వేరే కోణంలో తిప్పుతారు. మామూలుగా నీలానికి 15, నలుపుకు 45, గులాబికి 75 డిగ్రీలు. ఈ తేడా వల్లే ఆ పువ్వులు పడతాయి.

అలా కాక చుక్కలు చిన్నాపెద్దాగా, ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా ఉంటే అది రాతి అచ్చు. ఆ చుక్కలు మనిషి చేత్తో పెట్టినవి. 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావాలా దగ్గరికి మారిన రవివర్మ ప్రెస్సులో పని ఇలాగే జరిగేది. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మను తిరగేసి గీస్తారు. నత్రికామ్లం కొద్దిగా కలిపిన తుమ్మజిగురు పూస్తారు. ఆపైన రాయిని తడిపి నూనెసిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. ఆమ్లం ఎక్కువైతే సన్నచుక్కలు చెరిగిపోతాయి. తడి తగ్గితే ఖాళీ జాగా కూడా మసకేస్తుంది.

రంగుకో రాయి. మంచి పటానికి పది దాటి రాళ్లు పట్టేవి. గాలిలో తేమకు కాగితం సాగితే తర్వాతి రంగు పక్కకు జరుగుతుంది. చీర అంచున రంగు గీత దాటడం అందుకే. ఆఫ్‌సెట్‌లోనూ ఇది జరుగుతుంది కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకండి. సంతకం, ప్రెస్సు పేరు కూడా రుజువులు కావు. ఫొటో తీసి వేసిన నకలులో అవీ దిగిపోతాయి.

ప్రశ్న: రవివర్మ కాలంనాటి పటం మా ఇంట్లో పసుపుబారింది. తడిగుడ్డతో తుడవచ్చా? లామినేషన్ చేయించమంటారా?
(వరంగల్ పాఠకుడు)

జవాబు: రెండూ వద్దు. తడి తగిలితే కాగితం ఉబ్బుతుంది, పైన వార్నిష్ ఉంటే అది తెల్లబారుతుంది. లామినేషన్ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. కర్రగుజ్జుతో మిల్లులో చేసిన చౌక కాగితంలో ఆమ్లం ఉంటుంది. పసుపు రంగు దానివల్లే. వెనకున్న పాత అట్ట తీయించి ఆమ్లం లేని అట్ట పెట్టించండి. అద్దానికీ పటానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంచండి. ఇప్పటికే అద్దానికి అంటుకుని ఉంటే మాత్రం లాగకండి, రంగు అద్దంతోపాటే వచ్చేస్తుంది. కాగితాల మరమ్మతు తెలిసినవారికి ఫ్రేముతో సహా ఇవ్వండి.