పోస్ట్‌గ్రెస్‌లో చెడ్డ వ్యూలను కేటలాగ్‌తో ఎట్ల పట్టుకోవాలె?

మీ ప్రశ్న: వరంగల్‌ల మిర్చి అడ్తి లెక్కలకు కట్టిన 120 వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలు) చేతికొచ్చినయి, ఒక్కోటి తెరిచి చదవకుండ లోపాలు పట్టొచ్చా అని. పట్టొచ్చు. కానీ డెఫినిషన్లల్ల టేబుల్ పేరు వెతుక్కుంట కూర్చోకండి. వ్యూ మీద వ్యూ కట్టి ఉంటే అసలు టేబుల్ పేరు అక్కడ ఉండనే ఉండదు.

మొదలు కేటలాగ్‌ల, అంటే పోస్ట్‌గ్రెస్ తన గురించి తనే రాసుకునే టేబుళ్లల్ల, పీజీ_డిపెండ్ చూడండి. ఏది దేని మీద ఆధారపడ్డదో అందుల ఉంటది. డిపెండెన్సీ వ్యూ మీద కాదు, దాని రూల్ (వ్యూ క్వెరీని దాచే చోటు, పీజీ_రీరైట్‌ల ఉంటది) మీద నమోదైతది. అందుకే పీజీ_డిపెండ్‌ల ఉన్న ఆబ్జ్‌ఐడీని పీజీ_రీరైట్ ఓఐడీతో (ఆబ్జెక్ట్ నంబర్‌తో) కలిపితే ఈవీ_క్లాస్‌ల వ్యూ దొరుకుతది, రెఫ్‌ఆబ్జ్‌ఐడీ అది దేన్ని వాడుకుందో చెప్తది. వాడిన ప్రతి కాలమ్‌కు ఒక వరుస వస్తది గనుక డిస్టింక్ట్ (ఒకే తీరు వరుసలను ఒక్కటి చేసేది) పెట్టండి. రూల్ తన వ్యూనే చూపే వరుసలు కూడ ఉంటయి, వాటిని తీసెయ్యకపోతే వ్యూ కింద వ్యూను వెతుక్కుంట పోయేటందుకు యూనియన్ ఆల్‌తో రాసిన రికర్సివ్ క్వెరీ (తన ఫలితం మీదనే మళ్ళ మళ్ళ నడిచేది) ఆగనే ఆగదు. ఏ వ్యూ ఎన్ని అంతస్తుల మీద నిలబడ్డదో దీంతోనే తేలుతది. రెండు దాటితే విప్పి మళ్ళ రాయాల్సిందే.

అసలు దొంగ డిస్టింక్ట్. పీజీ_గెట్_వ్యూడెఫ్ ఇచ్చిన టెక్స్ట్‌ల 'సెలెక్ట్ డిస్టింక్ట్' ఉన్న వ్యూలన్నీ పక్కకు తీయండి. ఒక రైతు ఒకే రోజు తేజ రకం రెండు లాట్లు తెచ్చిండు, రెండూ 20 బస్తాలు, ధర ఒక్కటే. మొదటి లాట్‌కు పైసలు రెండు విడతల్ల కట్టిన్రు, రెండోదానికి ఒకేసారి. లాట్లను చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేస్తే మూడు వరుసలైతయి, మొత్తం 60 బస్తాలు. ఎవరో చూసి డిస్టింక్ట్ తగిలిస్తరు. వ్యూల లాట్ నంబర్ లేకపోతే మూడూ ఒక్కటై 20 మిగుల్తయి. తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) మీద మాత్రం 40. రైతు లెక్కల సగం సరుకే మాయం!

జాయిన్‌ల వాడిన కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రానియ్యనిది) ఉన్నదా అని పీజీ_ఇండెక్స్‌ల ఇండ్‌ఈజ్‌యూనిక్, ఇండ్‌కీ చూస్తే కారణం దొరుకుతది. పీజీ_కన్‌స్ట్రెయింట్ ఒక్కటే చూస్తే సరిపోదు, కన్‌స్ట్రెయింట్ లేకుండ పెట్టిన యూనిక్ ఇండెక్స్‌లు అందుల కనపడవు. మందు ఏందంటే, చెల్లింపులను ముందే లాట్ నంబర్ వారీగ కూడి, తర్వాత జాయిన్ చెయ్యాలె.

వ్యూ స్లో అయితే మెటీరియలైజ్ చెయ్యమని, అంటే ఫలితాన్ని టేబుల్ లెక్క దాచిపెట్టమని, ప్రతోడు చెప్తడు. అట్ల చేస్తే ఈ తప్పు 20 రిఫ్రెష్ అయిన ప్రతిసారి మళ్ళ గట్టిగ కూసుంటది.

ఇంకొకటి, పీజీ_క్లాస్‌ల రెల్‌ఆప్షన్స్ చూడండి. అందుల సెక్యూరిటీ_ఇన్వోకర్ (వ్యూను వాడేటోడి హక్కులతోనే టేబుల్ చదివించే సెట్టింగ్) 15వ వెర్షన్ నుంచే ఉన్నది. అది పెట్టని వ్యూ ఓనర్ హక్కులతోనే టేబుల్‌ను చదువుతది. ఓనర్ సూపర్‌యూజర్ అయితే, ఒక అడ్తిదారుకు ఇంకొకరి లాట్లు కనపడకుండ టేబుల్ మీద పెట్టిన రో పాలసీలు ఆ వ్యూల పనిచెయ్యవు. 120ల ముందు సరిచెయ్యాల్సినవి అవే.